స్మాష్ కొట్టింది అమ్మాయి, ఫొటోలో పడింది నెట్

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. బ్యాడ్మింటన్ ఆడుతుంది. టోర్నమెంట్లకి కెమెరా పట్టుకుని నేనే వెళ్తాను. ఏడేళ్ల కిందట కొన్న ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్ అది. 24 మెగాపిక్సెల్, క్రాప్ సెన్సర్ (అంటే ఫొటో పట్టే చిప్ చిన్న సైజుది), 11 ఫోకస్ పాయింట్లు. దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్, తర్వాత కొన్న 55-200 ఉన్నాయి. బయట వెలుగులో బాగానే తీస్తుంది. ఇండోర్ హాల్లో మాత్రం అన్నీ మసకగా, గింజలు గింజలుగా వస్తున్నాయి. తోటి పేరెంట్ ఒకాయన ఈమధ్యే 45 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా, అంటే పెద్ద సెన్సర్ ఉన్నది, కొన్నారు. ఆయన ఫొటోలు చూసిన దగ్గర్నుంచి నాకు నా కెమెరా మీద మనసు విరిగిపోయింది. నేనూ పెద్ద బాడీకి (లెన్స్ కాకుండా కెమెరా వరకే) మారిపోవాలా? లేక ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందా నా పరిస్థితి? మారితే పాతది అమ్మేయాలా? ఐదు ఫొటోలు జతచేస్తున్నాను.

జవాబు: ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుందండీ. కాబట్టి ఆ అనుమానంతో మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. మీరు రాసిన ఉత్తరం కంటే పంపిన ఐదు ఫొటోలే నాకు ఎక్కువ విషయం చెప్పాయి. వాటిని కంప్యూటర్లో 100 శాతం సైజుకి పెంచి చూశాను. నాలుగు ఫొటోలు మసకగా ఉన్న మాట నిజమే. అయితే ఆ నాలుగూ ఒకే జబ్బుతో లేవు.

మొదటిది మీరూ పెద్దది చేసి చూడండి. అమ్మాయి గాల్లో ఉంది, రాకెట్ వెనక్కి లాగింది, స్మాష్ కొట్టబోతోంది. మొహం మాత్రం తడి కాగితం మీద వేసిన బొమ్మలా అలుక్కుపోయింది. ఇప్పుడు ఆమెను వదిలేసి నెట్ చూడండి. పైనున్న తెల్ల పట్టీ మీద కుట్లు లెక్కపెట్టొచ్చు. మీ కెమెరాకీ లెన్సుకీ షార్ప్‌గా తీయడం వచ్చు. అమ్మాయిని తీయమంటే నెట్‌ని తీసింది, అంతే.

రెండో ఫొటోలో బూట్ల లేసులు స్పష్టంగా ఉన్నాయి, మొహమూ పర్వాలేదు. మోచేతి కింద నుంచి చెయ్యి మాయం. రాకెట్ ఉండాల్సిన చోట బూడిద రంగు విసనకర్ర ఒకటి ఉంది. ఇక్కడ ఫోకస్ సరిగ్గానే కుదిరింది, షట్టర్ స్పీడ్ చాలలేదు, అంటే షట్టర్ కావాల్సినదానికంటే ఎక్కువ సేపు తెరిచి ఉంది. నాలుగోదీ ఈ బాపతే.

మూడో ఫొటోలో అమ్మాయి, అంపైర్ కుర్చీ, గోడ మీద గడియారం అన్నీ ఒకే దిక్కుకి వాలుగా సాగాయి. అది మీ చెయ్యి వణకడం. 200 ఎంఎం దగ్గర 1/125 సెకనుతో తీశారు. క్రాప్ సెన్సర్ మీద 200 అంటే 300 ఎంఎం అంత బిగువుగా కనిపిస్తుంది కాబట్టి, చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 1/300కి తగ్గకూడదనేది పాత లెక్క. లెన్స్ పక్కన స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే) స్విచ్ ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూడండి. బ్యాగులోంచి తీసేటప్పుడు వేలు తగిలి ఆఫ్ అయిపోవడం నాకూ అలవాటైన కథే. ఐదో ఫొటో సంగతి చివర్లో చెప్తాను.

ఈ నాలుగింటిలో బాడీ మార్చితే బాగుపడుతుందని నేను ధైర్యంగా చెప్పగలిగేది మొదటిది ఒక్కటే. అదీ చాలావరకే. రెండోదీ నాలుగోదీ వెలుతురు సమస్య. మూడోదీ సగం అదే. మీ గొడవంతా వెలుతురు చుట్టూ ఉంది కాబట్టి ముందు దాని లెక్క తేల్చుకుందాం.

ఫొటోలతోపాటు వచ్చిన ఎక్సిఫ్ వివరాలు, అంటే ఏ సెట్టింగులతో తీశారో ఫైల్లోనే రాసి ఉండేవి, చూశాను. రెండో ఫొటోకి ఎఫ్ 5.6, 1/125 సెకను, ఐఎస్‌ఓ 6400. ఎఫ్ అంకె లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్తుంది, అంకె తగ్గేకొద్దీ ఎక్కువ తెరిచినట్టు. ఐఎస్‌ఓ అంటే కెమెరా ఆ వెలుతురుని ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె. మీ 55-200 లెన్సుని ఎంత తెరిచినా జూమ్‌ని బట్టి 4కీ 5.6కీ మధ్యే ఆగిపోతుంది. ఈ 5.6ని 4కి తెస్తే వెలుతురు రెట్టింపు, 2.8కి తెస్తే నాలుగు రెట్లు, 2కి తెస్తే ఎనిమిది రెట్లు. అంటే ఎఫ్ 2 దాకా తెరుచుకునే లెన్స్ ఒకటి ఉంటే, అదే హాల్లో, అదే ఐఎస్‌ఓ 6400 దగ్గర, అదే పాత బాడీతో 1/125 కాస్తా 1/1000 అవుతుంది. విసనకర్ర మళ్లీ రాకెట్ అయిపోతుంది. బ్యాడ్మింటన్‌లో చేతి వేగం ఆగాలంటే దాదాపు 1/1000 కావాలి. 1/500 దగ్గర మొహం నిలబడుతుంది కానీ రాకెట్ తల సాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్ సంగతి. దాని సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. మీది సుమారు 23.5×15.6. విస్తీర్ణం లెక్కేస్తే పెద్దది మీదానికి రెండున్నర రెట్లకి కాస్త తక్కువ. కెమెరా వాళ్ల భాషలో ఒకటింపావు స్టాప్ లాభం (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). తక్కువేం కాదు, కానీ మీరు ఊహించుకున్నంతా లేదు. అదే ఎఫ్ 5.6 లెన్స్ తగిలించి, ఇప్పుడున్నంత నాయిస్‌కే, అంటే గింజలకే, ఒప్పుకుంటే, షట్టర్‌ని 1/125 నుంచి సుమారు 1/300 దాకా తేగలరు. విసనకర్ర సన్నబడుతుంది, పోదు. పెద్ద సెన్సర్ ముందు చీకటి లెన్స్ పెట్టినవాడికంటే చిన్న సెన్సర్ ముందు వెలుతురున్న లెన్స్ పెట్టినవాడే ఈ హాల్లో ముందుంటాడు.

మీ మిత్రుడి ఫొటోలు ఎందుకు బాగున్నాయంటారా? ఆయన కెమెరా ముందు ఏ లెన్స్ ఉందో అడిగారా? బరువైన 70-200 ఎఫ్ 2.8 ఉంటుందని నా అనుమానం. అలా అయితే మీరు మెచ్చుకున్నదాంట్లో ఎక్కువ వాటా దానిదే. ఈసారి కలిసినప్పుడు ఒక్క గేము సేపు ఆయన కెమెరా అడిగి తీసుకోండి. తీసుకుని ఎఫ్ 5.6, 1/125 పెట్టి తీయండి. 45 మెగాపిక్సెల్‌లో కూడా రాకెట్ అదే విసనకర్ర అవుతుంది, కాకపోతే ఇంకా వివరంగా. ఆ తర్వాత 2.8కి తెరిచి, 1/500 పెట్టి తీయండి. ఈ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుంటే నా జవాబుతో మీకు పనుండదు.

ఇంకో చిక్కు ఉంది. మీ 18-55, 55-200 రెండూ క్రాప్ సెన్సర్ కోసం చేసినవి. ఫుల్ ఫ్రేమ్‌కి మారితే వాటితో పని గడవదు. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న విషయం. చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాగే ఫుల్ ఫ్రేమ్ బాడీ మీద మనసుపడి కొనేశాను. ఏనుగును కొన్నాను కానీ అంకుశానికి డబ్బుల్లేవు. పాత క్రాప్ లెన్సులే తగిలించాను. కెమెరా తెలివిగా తనంతట తాను క్రాప్ మోడ్‌లోకి వెళ్లిపోయింది, 24 మెగాపిక్సెల్ కాస్తా 10 చిల్లర అయింది. ఆర్నెల్లపాటు ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో, అమ్మేసిన నా పాత కెమెరా కంటే చిన్న ఫొటోలు తీశాను. అడిగినవాళ్లకి మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తోందని చెప్పేవాణ్ని.

కాబట్టి మొదట ఒక లెన్స్ కొనండి. 50 ఎఫ్ 1.8 గానీ, 85 ఎఫ్ 1.8 గానీ. ఏదన్నది మీరు ఎక్కడ కూర్చుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. కోర్టు పొడవు 13.4 మీటర్లు. ఎదుటి వైపు బేస్‌లైన్ వెనక కూర్చుంటే అమ్మాయి మీకు 10 నుంచి 13 మీటర్ల దూరంలో ఉంటుంది. కెమెరా నిలువుగా తిప్పి 85తో తీస్తే 12 మీటర్ల దగ్గర సుమారు 3.3 మీటర్ల ఎత్తు ఫ్రేములో పడుతుంది. ఎగిరి కొట్టినా రాకెట్ తెగిపోదు. అలాకాక కోర్టు పక్కన, అమ్మాయి ఆడే వైపే, ఐదారు మీటర్ల దూరంలో చోటు దొరికితే 85 మరీ దగ్గరైపోతుంది, 50 సరిపోతుంది. కొనేముందు దుకాణానికి పరుగెత్తక్కర్లేదు. మీ 18-55ని 50 దగ్గర పెట్టి, రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించి ఒక మ్యాచ్ తీయండి. తర్వాతి మ్యాచ్‌కి 55-200ని 85 దగ్గర అలాగే బిగించండి. ఫొటోలు మసకగా వచ్చినా ఫర్వాలేదు, ఫ్రేము ఎలా ఉందో చూసుకోవడానికే ఇది. ఏ రోజు తిట్టుకోకుండా తీశారో ఆ లెన్సే కొనండి. మీలాంటి ఎంట్రీ లెవెల్ బాడీలు కొన్నింటిలో ఫోకస్ మోటార్ ఉండదు. అందుకని లెన్సులోనే మోటార్ ఉన్న రకం అడిగి తీసుకోండి. లేకపోతే చేత్తో ఫోకస్ తిప్పుకుంటూ కూర్చోవాలి.

పక్కన కూర్చోవడంలో ఇంకో సుఖం ఏంటంటే మీకూ అమ్మాయికీ మధ్య నెట్ ఉండదు. మొదటి ఫొటోలో జరిగిన దొంగతనానికి అవకాశమే లేదు. ఎదుటి నుంచి తీయక తప్పకపోతే కెమెరాని కంటిన్యువస్ ఫోకస్‌లో (కదిలేదాని వెంట ఫోకస్ మారుతూ ఉండేది) పెట్టి, 11 పాయింట్లనీ దాని ఇష్టానికి వదిలేయకుండా మధ్య పాయింట్ ఒక్కటే ఎంచుకోండి. ఈ తరగతి కెమెరాల్లో చాలావాటికి అన్నిటికంటే నమ్మదగ్గ పాయింట్ అదే. ఆటోమేటిక్‌గా వదిలేస్తే కెమెరా తనకి దగ్గరగా, గీతలు గీతలుగా కనిపించేదాని మీద వాలుతుంది. నెట్‌కంటే గీతలున్న వస్తువు ఆ హాల్లో ఇంకేముంది?

షట్టర్ 1/1000 దగ్గర బిగించేసి, ఎపర్చర్ (అదే ఎఫ్ అంకె) 2 దగ్గర ఉంచి, ఐఎస్‌ఓని ఆటోకి వదలండి. 6400 అని కనిపించగానే టెన్షన్ పడకండి. ఐఎస్‌ఓ తగ్గించి చీకటిగా తీసి, ఇంటికొచ్చాక వెలుగు పెంచితే గింజలు తగ్గవు, చాలాసార్లు పెరుగుతాయి. రా ఫైల్లో, అంటే కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైల్లో తీస్తే ఆ గింజల్ని ఏరుకోవడం ఇప్పుడు పెద్ద పని కాదు. అడోబ్ లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన డీనాయిస్ లాంటివి పాత కెమెరాలకి కొత్త ఊపిరి పోశాయి. సాగిపోయిన రాకెట్‌ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా వెనక్కి తేలేదు. గింజలా, మసకా అని తేల్చుకోవాల్సి వస్తే ఎప్పుడూ గింజల వైపే ఉండండి. ఫ్లాష్ ఊసెత్తొద్దు, ఆడేవాళ్ల కళ్లలో కొట్టకూడదు.

ఇంతవరకు చదివి, ఈయన కూడా అందరిలాగే బాడీ వద్దు లెన్స్ కొను అంటున్నాడని అనుకుంటారేమో. కథ అక్కడితో ఆగదు. ఎపర్చర్ అంత తెరిస్తే ఫోకస్ పట్టే లోతు తగ్గిపోతుంది. 85 ఎంఎం, 10 మీటర్ల దూరంలో ఎఫ్ 5.6 దగ్గర దాదాపు 3 మీటర్ల మేర షార్ప్‌గా కనిపించేది, ఎఫ్ 2 దగ్గర మీటరు చిల్లరకి వచ్చేస్తుంది. అమ్మాయి ఒక్క అడుగు ముందుకి వేస్తే ఆ అంచు దాటేస్తుంది. ఇన్నాళ్లూ మీ ఫోకస్ సిస్టమ్ చేసిన చిన్న తప్పుల్ని ఎఫ్ 5.6 కప్పిపుచ్చింది. కొత్త లెన్స్ వాటన్నిటినీ బయటపెడుతుంది. మద్దెల ఓడో కాదో అప్పుడు తెలుస్తుంది.

ఆ లెన్సుతో ఒక నెల తీయండి. తర్వాత ఏ ఏరికూర్పూ లేకుండా వరసగా 100 ఫొటోలు తీసుకుని మూడు కుప్పలు పోయండి. ఫోకస్ తప్పినవి, కదలికతో సాగినవి, బాగున్నవి. మొదటి కుప్పలో 30 దాటితే నేను బాడీ మార్చమనే చెప్తాను. మీ చేతికి అందాల్సిన సాయం మీ పరికరం అందించడం లేదన్నమాట. పది, పదిహేను దగ్గర ఉంటే ఇంకో ఏడాది ఆగొచ్చు. ఈ 30 అనేది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, నా లెక్క.

అప్పుడు కూడా ఫుల్ ఫ్రేమ్ కోసం వెళ్లకండి. మీకు కావాల్సింది మొహాన్నీ కళ్లనీ గుర్తుపట్టి వెంటాడే ఫోకస్. అది కొత్త క్రాప్ సెన్సర్ మిర్రర్‌లెస్ (డీఎస్ఎల్ఆర్‌లో ఉండే అద్దం లేని) బాడీల్లోనూ దొరుకుతోంది. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ పాయింట్లు మధ్యలో గుంపుగా ఉంటాయి. మిర్రర్‌లెస్‌లో సెన్సరే ఫోకస్ చూసుకుంటుంది కాబట్టి అమ్మాయి ఫ్రేము అంచుకి వెళ్లినా వదలదు. కొనేటప్పుడు యాంటీ ఫ్లికర్ ఉందో లేదో అడగండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట మామూలు హాల్ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ 1/1000 దగ్గర తీస్తే వరసగా తీసిన మూడు ఫొటోల్లో ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా, ఒకటి చీకటిగా రావచ్చు. యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే కెమెరా ఆ మినుకు పైకి వచ్చే క్షణం చూసి క్లిక్ మంటుంది.

సెకనుకి 20 ఫొటోలు, 30 ఫొటోలు అని డబ్బా మీద రాసుంటే అది మెకానికల్ షట్టర్‌తోనా, ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనా అని తప్పకుండా అడగండి. మామూలు సెన్సర్ ఫొటోని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. అది చదివేలోపు రాకెట్ కదిలిపోతుంది, ఫొటోలో అరటిపండులా వంగి కనిపిస్తుంది. ఆ చదివే వేగం పెంచిన స్టాక్డ్ సెన్సర్లు ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లోకి సోనీ ఏ9తో 2017లో వచ్చాయి. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో అయితే మెకానికల్ షట్టరే లేదు. అవన్నీ ఆటల ఫొటోలు తీసి బతికేవాళ్ల పనిముట్లు. మీకు సెకనుకి ఎనిమిదో పదో మెకానికల్ షట్టర్‌తో వస్తే ధారాళం. నిజానికి ఎప్పుడు నొక్కాలో మీకు ఏ కెమెరాకంటే బాగా తెలుసు. ఆ అమ్మాయి స్మాష్‌కి ముందు భుజం ఎలా దించుతుందో ఇన్నేళ్లుగా చూస్తున్నది మీరు.

బాడీ మార్చడమంటే ఇప్పుడు మౌంట్, అంటే లెన్స్ బిగించే చోటు, మార్చడం కూడా. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది, కానన్ ఈఎఫ్ 1987 నుంచి. ఆ రెండు కంపెనీలూ 2018లో తమ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాల కోసం కొత్త మౌంట్లు, జెడ్, ఆర్ఎఫ్, తెచ్చాయి. ఇప్పుడు వాటి క్రాప్ బాడీలూ అందులోనే వస్తున్నాయి. పాత లెన్సులు అడాప్టర్‌తో తగులుతాయి, లోపల మోటార్ ఉన్నవి ఆటోఫోకస్ కూడా చేస్తాయి. కాబట్టి ఇప్పుడు కొనే 85 రేపు కొత్త బాడీ వచ్చినా వృథా పోదు. బాడీలు తొందరగా పాతబడతాయి, మంచి లెన్స్ విలువ అంత తొందరగా పడిపోదు.

ఒకవేళ ఈ లెక్కలన్నీ చదివాక కూడా ఫుల్ ఫ్రేమే కావాలనిపిస్తే, చేతిలో ఆ బరువు, ఆ శబ్దం నచ్చి కొనాలనిపిస్తే, చేతిలో డబ్బుంటే కొనుక్కోండి. అదేం నేరం కాదు. అమ్మాయి ఆట పేరు చెప్పి మాత్రం కొనకండి. తర్వాత ప్రతి మ్యాచ్‌లోనూ ఫొటో సరిగ్గా రావాల్సిన బరువు ఆ పిల్ల మీద పడుతుంది.

పాత బాడీ అమ్మొద్దు. ఏడేళ్ల ఎంట్రీ లెవెల్ కెమెరాకి చేతికొచ్చేది అంతంతమాత్రం. 18-55 తగిలించి అమ్మాయి కిట్ బ్యాగులో పడేయండి. మ్యాచ్‌లు లేనప్పుడు తన స్నేహితుల్ని తీసుకుంటుంది. హాల్లో మీరు వెళ్లలేని చోట్లకి ఆమె వెళ్లగలదు.

ఇక ఐదో ఫొటో. రెండు గేముల మధ్య, మెడలో టవల్, చేతిలో నీళ్ల సీసా, ఎవరినో చూసి నవ్వుతోంది. ఐఎస్‌ఓ 6400 గింజలన్నీ అందులోనూ ఉన్నాయి. కానీ మనిషి ఒక్క క్షణం కదలకుండా కూర్చుంది కాబట్టి కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుస్తున్నాయి. 24 మెగాపిక్సెల్ అంటే 6000×4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పు ప్రింటుకి నిక్షేపంగా సరిపోతుంది. మీ మిత్రుడి 45 మెగాపిక్సెల్‌తో అదే ప్రింటు 27 అంగుళాలు వస్తుంది, అంతే తేడా. దాన్ని ఈ వారమే ప్రింటు వేయించండి. స్క్రీన్ మీద మిమ్మల్ని భయపెట్టిన గింజలు కాగితం మీదికి వచ్చేసరికి సగం కనబడవు.